డాబా గదిలో బీరు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమీర్‌పేటలో డాబా మీది గదిలో ఉన్నప్పుడు నేను బీరు చేశాను. గింజలు మొలకెత్తించడం దగ్గర్నుంచి సీసాల్లో పోసి మూతలు బిగించడం దాకా అంతా నా చేత్తోనే చేశాను. అప్పటికి బీరు రుచి ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని పెద్దగా అనిపించేది కూడా కాదు. నాకు చూడాలనిపించింది ఆ సామాను.

కాకినాడ నుంచి వచ్చి, అమీర్‌పేట మైత్రీవనం పక్క సందుల్లో టెస్టింగ్ కోర్సు చేసి, పంజాగుట్టలో ఒక అద్దాల బిల్డింగ్‌లో ఉద్యోగంలో చేరాను. వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం పని. మా టీముకు వచ్చిన ప్రాజెక్టు ఒక విదేశీ దుకాణం వెబ్‌సైటు. ఇంట్లో బీరు చేసుకునేవాళ్లకి కావలసిన సరంజామా అంతా అందులో అమ్ముతారు. గింజలు నానబెట్టే కుళాయి డబ్బాలు, వడపోత జల్లెడలు, రాగి చుట్టలు, గాలి బయటికి పోయి లోపలికి రాకుండా ఆపే చిన్న గాజు బిరడాలు. రోజంతా వాటిని కార్టులో వేసేదాన్ని, తీసేసేదాన్ని. డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి వెనక్కి వచ్చేదాన్ని. ఏ వస్తువు ఎంత బరువో, దేని కింద ఏది అమరుతుందో, ఏది లేకపోతే ఏది పనికిరాదో నాకు కంఠతా వచ్చేసింది. ఒక్కటీ కళ్లతో చూడలేదు.

ఆ సైట్లో ఒక మూల కొనుక్కున్నవాళ్లు తమ తమ ఏర్పాట్ల గురించి రాసుకునేవాళ్లు. గ్యారేజీలో ఇలా పెట్టాను, మెట్ల కింద అలా పెట్టాను, మా ఆవిడ తిట్టింది, పక్కింటాయన వచ్చి తాగాడు అని. అక్కడ తప్పులేమీ పట్టక్కర్లేదు, అది నా పని కూడా కాదు. అయినా భోజనాల టైములో డబ్బా తెరుచుకుని అవే చదువుతూ తినేదాన్ని. కథల పుస్తకాలు చదివినట్టే చదివేదాన్ని. అందరి చివరి ఫోటోలోనూ ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో గ్లాసులు పట్టుకుని నిలబడి ఉండేవాళ్లు.

ఒకసారి క్లయింటు మా టీముకి ఒక పెట్టె పంపాడు. టీషర్టులు, మగ్గులు ఉన్నాయి. అవి నిమిషంలో అయిపోయాయి. అడుగున రెండు చిన్న పొట్లాలు మిగిలాయి. ఒకదాంట్లో ఆకుపచ్చ గుళికలు, ఇంకోదాంట్లో ఈస్టు పొడి. గుళికలు వాసన చూసి మా టీములో ఒకతను, "ఇదేంటి బాబూ, గేదెల దాణాలా ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. అవి బీరుకి చేదునిచ్చే పువ్వులని, ఎండబెట్టి నొక్కి గుళికలు చేస్తారని చెప్పగలిగేదాన్ని. చెప్పలేదు. సాయంత్రం అందరూ వెళ్లాక రెండు పొట్లాలూ హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. వాటిని చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పలేదు, అంతే.

అంతకుముందు రెండో అంతస్తు హాస్టల్లో, గదికి నలుగురం ఉండేవాళ్లం. నలుగురిలో ఉండి ఎవరితోనూ మాట్లాడకుండా ఉండటం చాలా శ్రమ. డాబా మీద గది ఖాళీ అయిందని తెలిసి, అదే బిల్డింగ్‌లో పైకి మారాను. సిమెంటు రేకుల కప్పు, ఒక కిటికీ, బయట కుళాయి, నీళ్ల ట్యాంకు. వేసవిలో పెనం మీద ఉన్నట్టుండేది. అయినా అది నాది. సాయంత్రాలు పిట్టగోడ దగ్గర కూర్చుంటే కింద కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపించేవి. క్లాసులు వదిలినప్పుడు సందు మొత్తం ఒకేసారి మాటలతో నిండిపోయేది. కాసేపటికి ఖాళీ అయ్యేది. నా గదికి మాత్రం ఎవరూ వచ్చేవాళ్లు కాదు. నేనూ ఎవర్నీ పిలిచేదాన్ని కాదు.

డైరీలో ముందు బీరు చేసే ఏర్పాటు బొమ్మ గీసుకున్నాను. రెండు మూడు రకాలుగా గీసి, చివరికి మెట్లమెట్లుగా ఉండే ఏర్పాటు ఖాయం చేశాను. అన్నిటికన్నా పైన వేడినీళ్లు, మధ్యలో గింజల డబ్బా, కింద కాచే గుండిగ. మోటర్ అక్కర్లేదు, నీరు దానంతట అదే దిగుతుంది. పాత టేబుల్, దాని పక్కన స్టూలు, కింద నేల. ఆ ఎత్తులు నా గదిలో అప్పటికే ఉన్నాయి.

వస్తువులకి బదులు వస్తువులు వెతకడంలో ఆ వేసవి అంతా గడిచింది. గింజల డబ్బాకి పెళ్లిళ్లలో మంచినీళ్లు పెట్టే కుళాయి జగ్గు కొన్నాను. రెండు పొరల ప్లాస్టిక్కు కనక చన్నీళ్లని చల్లగా ఉంచినట్టే వేడినీళ్లని వేడిగానూ ఉంచుతుంది. లోపల జల్లెడకి హార్డ్‌వేర్ షాపులో గీజరుకి వేసే స్టీలు అల్లిక పైపు అడిగాను.

"గీజర్ ఏ కంపెనీది మేడమ్?"

"గీజర్ లేదండీ."

ఆయన నన్ను ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా ఇచ్చాడు. గదికొచ్చి లోపలి రబ్బరు గొట్టం లాగేస్తే స్టీలు వల మాత్రం మిగిలింది. దాని ఒక కొస మడిచి నొక్కి, రెండో కొస జగ్గు కుళాయికి బిగించాను. నీళ్లు పోసి కుళాయి తిప్పితే సన్నగా, శుభ్రంగా దిగాయి. ఆ రోజు ఎంతసేపు అలా తిప్పుతూ కట్టేస్తూ కూర్చున్నానో. పులియబెట్టడానికి, హాస్టళ్లకి నీళ్లు తెచ్చే పెద్ద క్యాన్. దాని మూతకి బెజ్జం చేసి సన్న గొట్టం పెట్టాలి, ఆ గొట్టం రెండో కొస ఒక సీసాలో నీళ్లలో మునిగి ఉండాలి. గొట్టం కోసం సోమాజిగూడ ఆసుపత్రుల ఎదురుగా మందుల షాపుకి వెళ్లి సెలైన్ సెట్టు అడిగాను. "పేషెంట్ ఏ వార్డు అమ్మా?" అన్నాడు కౌంటర్‌లో ఆయన. నేను చిల్లర లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పాపం అనుకున్నాడేమో, వెంటనే ఇచ్చేశాడు.

గింజల దగ్గర దెబ్బతిన్నాను. మా ఇంట్లో రాగులు నానబెట్టి గుడ్డలో కట్టి మొలకలు తెప్పించేవాళ్లు కనక బార్లీ కూడా అంతే అనుకున్నాను. కిరాణా కొట్లో బార్లీ కొనుక్కొచ్చి నానబెట్టాను. మొలకలు రాలేదు. కుళ్లిపోయి గదంతా కంపు కొట్టింది. మళ్లీ తెచ్చాను, మళ్లీ కుళ్లింది. కిరాణా కొట్లో అమ్మేది పైపొట్టు తీసి పాలిష్ పట్టిన బార్లీ అని, ప్రాణం ముందే పోయిన గింజ అని ఆ వెబ్‌సైట్లోనే ఎక్కడో చదివాక గాని అర్థం కాలేదు. బేగంబజార్ వెళ్తే పూజాసామగ్రి కొట్లో పొట్టుతో ఉన్న యవలు దొరికాయి, బార్లీకే ఆ పేరు. "హోమమా అమ్మా?" అని అడిగాడు కొట్టాయన. తలూపాను.

ఆ యవలే మొలిచాయి. తెల్లటి మొలకలు బయటికి రాగానే డాబా మీద పాత దుప్పటి పరిచి ఎండబోశాను. అప్పుడు వచ్చింది ఇంటి ఓనరమ్మ.

ఆవిడ అమీర్‌పేట ఊరుగా ఉన్నప్పటి మనిషి. వయసులో మా అమ్మమ్మంత ఉంటుంది. కింద కొడుకు, కోడలు, ఆవిడ ఉండేవాళ్లు. హాస్టల్ వ్యవహారమంతా కొడుకుది, ఆవిడ నెలకోసారి ట్యాంకు చూడటానికి పైకి వచ్చేదంతే. ఆ రోజు దుప్పటి దగ్గర ఆగి, వంగి, నాలుగు గింజలు చేతిలోకి తీసుకుంది.

"గిది బార్లీ గదా బిడ్డా. గింత ఎందుకు?"

ఆడపిల్లల హాస్టల్ బిల్డింగ్‌లో బీరు చేస్తున్నానని తెలిస్తే ఆ పూటే సామాను కిందికి దింపించేస్తారు. ఆవిడ తలుపు సందులోంచి లోపలికి చూసింది. మేకుకి వేలాడుతున్న సెలైన్ గొట్టం కనిపించింది.

"అయ్యో! రాళ్లా?"

"ఏం రాళ్లండీ?"

"కిడ్నీల రాళ్లు. బార్లీ నీళ్లు, సెలైను... నాకు తెల్వదా? మా ఇంటాయనకు సుత ఉండె. నొప్పి లేస్తె నేల మీద పొర్లుతుండె."

"లేదండీ, అదీ..."

"చెప్పకు, చెప్పకు. ఆడివిల్లలు చెప్పుకోరు." నా గడప మీద కూర్చుని మోకాళ్లు రాసుకుంది. "ఆఫీసుల నీళ్లు తాగరు మీరు. తాగితె బాత్రూముకు పోవాలె, నలుగురి ముంగట లేచి పోవాలంటె సిగ్గు. రాళ్లు పడవా మరి?"

ఆఫీసులో నీళ్లు తాగకపోవడం మాత్రం నిజమే. ఆవిడకి ఎలా తెలిసిందో అని ఆశ్చర్యపోతుండగానే లేచి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం స్టీలు గ్లాసులో ఉలవల కషాయం తీసుకుని మళ్లీ మెట్లెక్కి వచ్చింది.

అలా మొదలైంది. ఒకరోజు ఉలవలు, ఒకరోజు ఎక్కడి నుంచో తెప్పించిన కొండపిండాకు ఉడకబెట్టిన నీళ్లు. అది తాగితే రాళ్లు పిండిపిండి అవుతాయట. నేను ఆఫీసు నుంచి వచ్చిన కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించేది. ప్రతి మలుపులోనూ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎక్కేది. రెండో అంతస్తు దగ్గర హాస్టల్ పిల్లల్ని నీళ్లు వదిలేశారని తిట్టేది. తర్వాత నా గడప.

"మొత్తం తాగు. మూతి ముడవకు. చేదున్నదే పని చేస్తది."

తాగేదాన్ని. ఎంత చేదుగా ఉన్నా తాగేదాన్ని. నా కోసమని మెట్లెక్కి వచ్చిన మనిషి హైదరాబాద్‌లో ఆవిడ ఒక్కతే. నొప్పి ఎలా ఉందని ఆవిడ అడిగినప్పుడల్లా నిజం చెబుదామని నోరు తెరవబోయేదాన్ని. గ్లాసు చేతికిచ్చి, పక్కన కూర్చుని వేరే మాట ఎత్తేది. నేను మాట్లాడటానికి తీసుకునే టైములో ఆవిడ మూడు సంగతులు చెప్పేసేది.

నేను 'మామ్మగారూ' అంటే నవ్వేది. "మామ్మగారు ఏందే? నేనేమన్న సర్కారు ఆఫీసర్నా? అవ్వా అను." నాకు నోరు తిరగలేదు. చివరి దాకా మామ్మగారనే పిలిచాను.

ఒకసారి కిందకి చెయ్యి చూపించి, "గా బోర్డుల మీద ఏం రాసిండ్రు? గిన్నేండ్ల సంది చూస్తున్న" అని అడిగింది. చదివి చెప్పాను. నేను కోర్సు చేసింది వాటిలో ఎక్కడని అడిగితే చూపించాను.

"అంటే ఏం పని?"

"వేరేవాళ్లు చేసినదాంట్లో తప్పులు పట్టాలండీ."

"అబ్బో! మా కోడలు సుత గదే పని చేస్తది. జీతం లేదు."

నేను గట్టిగా నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. ఆ రోజు డైరీలో ఇంకేమీ రాయలేదు, ఆవిడన్న ఆ మాటే రాసుకున్నాను.

అందుకే భయం పెరిగింది. ఆవిడకి తెలిస్తే గది పోతుంది, అది ఒకటి. మెట్ల మీద ఆ చప్పుడు కూడా ఆగిపోతుంది. రెండోదే నాకు ఎక్కువ భయం. అలాగని బీరు మానేద్దామా అంటే, గింజలు ఎండాయి, ఏర్పాటంతా సిద్ధమైంది. నా చేతులతో మొదలుపెట్టి చివరి దాకా తెచ్చిన పని అప్పటికి నాకు ఇంకొకటి లేదు.

తొలకరి పడ్డాక ఒక ఆదివారం, ఆవిడ చుట్టాలింటికి బోరబండ వెళ్లిందని తెలుసుకుని పొయ్యి వెలిగించాను. మొలక గింజల్ని అంతకుముందే పెనం మీద వేయించి, గిర్నీలో రవ్వలా పట్టించి ఉంచాను. జగ్గులో రవ్వ, దాని మీద వేడినీళ్లు. పాల థర్మామీటరు ముంచి చూస్తూ, కాస్త చల్లబడితే వేడినీళ్లు, ఎక్కువైతే చన్నీళ్లు కలిపాను. గదంతా వేడి జావ వాసన. కుళాయి తిప్పితే తేనె రంగు ద్రవం సన్నటి ధారగా దిగింది. వేలితో ముట్టుకుని నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉంది. పంచదార ఒక్క పలుకు వేయకుండా! ఎవరికైనా చెప్పాలని తలుపు వైపు తిరిగాను. తలుపు గడియ వేసి ఉంది.

గుండిగలో కాచి, గుళికలు వేసి, చెరుకురసం బండి దగ్గర తెచ్చిన ఐసు మధ్య గుండిగ పెట్టి చల్లార్చాను. క్యాన్‌లోకి వంపి ఈస్టు చల్లి, తడి గోనెసంచి చుట్టి, ఫ్యాన్ దాని వైపు తిప్పాను. నా మీదకి గాలి లేదు.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి సెలైన్ గొట్టం కొసన నీళ్లలో బుడగలు వస్తున్నాయి. బుడుక్. ఆగి, మళ్లీ బుడుక్. మంచం మీద పుస్తకం పట్టుకుని పడుకుంటే, పేజీ తిప్పే మధ్యలో ఆ శబ్దం. గదిలో నేను కాక ఇంకేదో ఊపిరి తీస్తున్నట్టుండేది. వారం పది రోజులకి అది నెమ్మదించి ఆగిపోయింది. పాత సోడా సీసాల్లో కొంచెం పంచదార వేసి బీరు నింపి, మూతలు బిగించి, బకెట్లో నిలబెట్టాను. ఇవన్నీ ఆవిడ రాని వేళల్లోనే చేశాను. ఆవిడ వచ్చినప్పుడు తలుపు ఓరగా వేసి, నేనే బయటికి వచ్చి గడప మీద కూర్చునేదాన్ని.

ఆషాఢం వచ్చింది. సందులో వేపమండలు కట్టారు. బోనాల ముందు రోజు మధ్యాహ్నం, చేతులకి పసుపుతో ఆవిడ పైకి వచ్చింది. గ్లాసు లేదు. కూర్చోలేదు కూడా.

"బిడ్డా, ఒక మాట అడుగుత. జల్ది చెప్పు. కింద కుమ్మరాయన కుండలు పట్టుకొని నిలబడ్డడు."

"చెప్పండి మామ్మగారూ."

"నీ రాళ్లు కరిగినయా?"

అంత తొందరగా ఎందుకడుగుతోందో నాకు అర్థం కాలేదు.

"మొన్న బల్కంపేట అమ్మవారి గుడికి పోయినప్పుడు మొక్కిన. గీ పిల్ల రాళ్లు కరిగితె దీని పేరు మీద ఇంకో బోనం ఎత్తుత తల్లీ అని. కరిగినయంటె రెండు కుండలు దించుకోవాలె. లేకుంటె ఒకటే. నొప్పి వస్తున్నదా, పోయిందా?"

పోయిందంటే అబద్ధం. ఉందంటే అదీ అబద్ధమే, పైగా ఆవిడ మోకాళ్లు నొక్కుకుంటూ ఇంకెన్నాళ్లు ఎక్కుతుందో. నా పేరు మీద ఒకరు దేవుడికి ఏదైనా మొక్కుకున్నారని నాకు అంతకుముందు ఎప్పుడూ తెలియదు. తలుపు పూర్తిగా తెరిచాను.

ఆవిడ లోపలికి వచ్చింది. జగ్గు, గుండిగ, గోనెసంచిలో క్యాన్, సెలైన్ గొట్టం, బకెట్లో సీసాలు. ఒక్కొక్కటే చూపించి చెప్పాను. గీజరు పైపు సంగతి కూడా చెప్పాను. ఆ గదిలో నేను అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ అడ్డురాకుండా వింది.

"అంటే గిది కల్లు లెక్కనా?"

"బీరండీ."

"బీరా!"

కళ్లు పెద్దవి చేసి నన్ను కిందికీ పైకీ చూసింది. తర్వాత నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మంచం మీద కూలబడి నవ్వింది. "ఓయమ్మో! సప్పుడు లేని పిల్ల అనుకుంటె... బీరు బట్టీ పెట్టింది నా డాబా మీద! తే, జర పొయ్యి. చూస్తా."

స్టీలు గ్లాసులో పోశాను. నురగ వచ్చింది. ఇద్దరం ఆ నురగ వైపు చూశాం. ఆవిడ ఒక గుటక తాగి చప్పరించింది.

"చేదున్నది. గని ఖరాబ్ లేదు. మా ఆయనుంటె సీసలన్ని తాగి ఒడగొడుతుండె." ఇంకో గుటక తాగింది. "సిటీల కల్లు కాంపౌండ్లు బంద్ చేసిన సంది, అమ్మవారికి సాక పోద్దామన్న సుత కల్లు దొరుకుతలేదు. నువ్వేమో గిక్కడ..." మళ్లీ నవ్వింది.

ఆ రెండు నిమిషాలు నాకు ఇప్పటికీ అలాగే గుర్తున్నాయి. ఇన్నాళ్లు భయపడింది దీనికా అనుకున్నాను. నా గ్లాసులో కూడా పోసుకోవాలని సీసా ఎత్తాను.

"మరి గీ బార్లీ?" అంది ఆవిడ.

"దీనికేనండీ."

"గా సెలైన్ పైపు?"

"అదీ దీనికే."

నవ్వు ఇంకా మొహం మీద ఉంది గాని కళ్లలో లేదు. "మరి రాళ్లు?"

"లేవు మామ్మగారూ."

"కరిగినయా?"

"కాదండీ. ఎప్పుడూ లేవు."

ఆవిడ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. కింద నుంచి కుమ్మరాయన కేకేశాడు. "అమ్మా, ఎన్ని దించాలె? జల్ది చెప్పుండ్రి!"

గ్లాసు కింద పెట్టి లేచింది. సగం అలాగే ఉంది. పిట్టగోడ దగ్గరికి వెళ్లి, "రెండు దించు!" అని అరిచింది. నా వైపు తిరిగి, "ఉన్న రోగానికి మొక్కినోళ్లను చూసిన. లేని రోగానికి మొక్కినదాన్ని నేనొక్కదాన్నే" అంది. కోపంగా అనలేదు. "మొక్కితె మొక్కినట్టే. అమ్మవారితోని నాకేం పంచాయితి." గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది.

మర్నాడు పొద్దున్నే తలంటుకుని, ఉన్న ఒక్క పట్టుచీర కట్టుకున్నాను. నా పేరు మీద బోనం కదా, పిలుస్తుందేమో అని. గడప మీద కూర్చున్నాను. డప్పులు సందు మొదట్లో మొదలై మా గుమ్మం ముందుకి వచ్చాయి. పిట్టగోడ మీంచి చూస్తే ఆవిడ నెత్తి మీద ఒక బోనం, కోడలి నెత్తి మీద ఒకటి. పసుపు రాసిన కుండలు, వేపమండలు, పైన వెలుగుతున్న దీపాలు. రెండింటిలో నాది ఏదో తెలియలేదు. నెత్తిన బోనం ఉన్న మనిషికి తల పైకెత్తి చూడటం కుదరదు. అది నాకూ తెలుసు. అయినా చూస్తుందేమో అనుకున్నాను. డప్పులు మలుపు తిరిగి బల్కంపేట వైపు వెళ్లిపోయాయి. చీర మార్చుకుని బట్టలు ఉతుక్కున్నాను.

ఆ తర్వాత మెట్ల మీద చప్పుడు రెండో అంతస్తు దగ్గర ఆగిపోయేది. హాస్టల్ పిల్లల్ని తిట్టడం వినిపించేది, మళ్లీ కిందికి దిగడం వినిపించేది. గది ఖాళీ చేయమని ఎవరూ అనలేదు. కొడుకుతో కూడా చెప్పినట్టు లేదు. ఎదురైతే "తిన్నవా?" అనేది. "తిన్నానండీ" అనేదాన్ని. నాకు ఏ రోగమూ లేదు. రోగం లేని మనిషిని చూడటానికి అన్ని మెట్లు ఎందుకెక్కాలి? ఇలా అనుకుని సమాధానపడ్డాను.

సీసాలు ఒక్కొక్కటే తాగాను. సాయంత్రం పిట్టగోడ దగ్గర, కింద క్లాసులు వదిలే వేళకి. నాకు నచ్చిందో లేదో చెప్పలేను. మొదట చేదు, తర్వాత ఎక్కడో అడుగున ఆ జావ తీపి. ఒక సీసా మాత్రం ఉంచాను. ఒకరోజు దాన్ని పేపర్లో చుట్టుకుని కిందికి దిగి తలుపు కొట్టాను. కోడలు తీసింది. లోపల టీవీ ముందు ఆవిడ వీపు కనిపిస్తోంది.

"ఏం కావాలె? మోటర్ వెయ్యాల్నా?"

"అవునండీ."

కోడలు మోటర్ వేసింది. నేను పైకి వచ్చేశాను. అప్పటికే నిండి ఉన్న ట్యాంకు పొర్లి, డాబా అంతా నీళ్లయింది. చీపురుతో తోసుకుంటూ కూర్చున్నాను.

ఏర్పాటు మళ్లీ వెలిగించలేదు. కావాలంటే యవలు బేగంబజార్‌లో ఉన్నాయి. గుళికలు మాత్రం లేవు, కానీ కారణం అది కాదు. ఆ ఫోటోల్లో చివర గ్లాసులు పట్టుకుని నిలబడే ఇద్దరు ముగ్గురు గుర్తొచ్చేవాళ్లు. ఏర్పాటులో ఏ వస్తువుకి బదులు ఏది వాడొచ్చో అన్నీ కనిపెట్టాను. ఆ ఒక్కదానికి బదులు దొరకలేదు.

మా ఆఫీసు మాదాపూర్‌కి మారింది. అమీర్‌పేట నుంచి రోజూ బస్సులో అంత దూరం కష్టమని నేనూ గది మారాల్సి వచ్చింది. జగ్గు హాస్టల్ వంటగదికి ఇచ్చేశాను. గుండిగ, క్యాన్ పాత సామాన్లవాడికి వేశాను. స్టీలు వల జగ్గులోంచి తీయడం మర్చిపోయాను. ఎవరైనా చూసి ఇదేంటి అనుకుని ఉంటారు.

ట్రాలీ ఆటోలో పుస్తకాల పెట్టెలు, మంచం ఎక్కించాక గది తాళం ఇవ్వడానికి వెళ్లాను. ఆవిడ గేటు పక్కన కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"పోతున్నవా?"

"అవునండీ."

"అక్కడ సుత డాబానేనా?"

"కాదండీ. ఫ్లాట్. ముగ్గురం ఉంటాం."

"మంచిది. మనుషులుంటరు."

తాళం తీసుకుని కొంగున ముడేసుకుంది. ఆటోవాడు హారన్ కొట్టాడు. ఏదో ఒకటి అనాలని, "మోకాళ్లు ఎలా ఉన్నాయి మామ్మగారూ? మెట్లెక్కలేకపోతున్నారు కదా" అన్నాను.

చిక్కుడుకాయలు ఆపి నా వైపు చూసింది.

"మోకాళ్లకేమైంది? రాళ్లు లేకున్నా వస్తుంటి గద బిడ్డా. నువ్వు ఒక్కసారన్న పిలిస్తివా?"